లైన్ క్లియర్ నుంచి కమాండ్ లైన్ దాకా

నంద్యాల దాటి నల్లమల కనుమలో దూరిన రైలు దిగువమెట్ట, గిద్దలూరు, కంభం, తర్లుపాడు, మార్కాపురం రోడ్డు మీదుగా దొనకొండ వైపు సాగుతుంది. సదరన్ మరాఠా రైల్వే 1880ల్లో వేసిన మీటర్‌గేజి దారి ఇది. దీని చరిత్ర చెప్పేవాళ్లు వంతెనలు, సొరంగాలు, బొగ్గు ఇంజన్లు చెబుతారు. పట్టాల పక్కన స్తంభాల మీద నడిచిన తంతి తీగ ఊసెత్తరు. ఈనాడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి నల్లటి తెర మీద ఒక్క వరుస ఆజ్ఞ కొట్టి, ఒక అప్లికేషన్‌ను మరొకదానితో ముడివేసి సర్వర్‌కి ఎక్కించే పద్ధతి ఆ తీగ వంశంలోదే. ఇది ఉత్త పోలిక కాదు, నిజంగానే చుట్టరికం.

ఒంటిదారి మీద రెండు స్టేషన్ల నడుమ ఒకే బండి ఉండాలి. కొండ మలుపుల్లో ఎదురుబండి కంటబడేసరికే ఆలస్యమైపోతుంది. అందుకే బండి వదిలే ముందు స్టేషన్ మాస్టరు ఆ తీగ మీద అవతలి స్టేషన్‌ని లైన్ క్లియర్ అడగాలి. (పత్రికలు రోజూ ఏదో ఒక ప్రాజెక్టుకు ‘లైన్ క్లియర్’ చేస్తుంటాయే, ఆ మాట పుట్టిల్లు ఇదే.) అవతలివాడు సరే అంటే చాలదు. తన దగ్గరి కాగితంలోంచి ఒక ప్రైవేట్ నంబరు చెప్పాలి, వాడిన నంబరు అక్కడికక్కడే కొట్టేయాలి. నంబరు, గంట, నిమిషం రెండు చోట్లా రిజిస్టరుకెక్కాలి. ఆ తర్వాతే డ్రైవరు చేతికి కాగితం. మన దేశపు ఒంటిదారుల మీదికి నీల్స్ బాల్ టోకెన్ యంత్రాలు వచ్చాక కాగితం స్థానంలో లోహపు బంతి వచ్చింది. జంట యంత్రాలు కరెంటు తీగతో ముడిపడి ఉంటాయి. ఒక బంతి బయట ఉన్నంతసేపు రెండో బంతి ఏ వైపునుంచీ ఊడిరాదు. ఆ బంతిని సంచిలో వేసి, పెద్ద రింగుకు తగిలించి పైకెత్తి పట్టుకుంటే, కదులుతున్న ఇంజన్‌లోంచి చెయ్యి చాచి అందుకునేవారు.

తంతి తీగకు టైపు మిషను తగిలిస్తే టెలిటైప్ అయింది. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మొదలుపెట్టినప్పుడు కంప్యూటర్‌తో మాట్లాడింది దాని మీదే. ఆ మీటలు నెమ్మది, గట్టి. అందుకే ఎల్‌ఎస్, సీపీ, ఎంవీ అంటూ చాలా ఆజ్ఞలు రెండక్షరాలకు కుదించుకుపోయాయి. 1973లో పైపు వచ్చి ఒక ప్రోగ్రాం ఫలితాన్ని నేరుగా ఇంకో ప్రోగ్రాం నోటికి అందించింది.

మౌస్‌తో నొక్కితే అయ్యే పనికి ఇంత తతంగం దేనికి అనవచ్చు. నిజమే, ఒక్కసారి చేసే పనికి బటనే సుఖం. కానీ నిన్న నొక్కిన బటన్‌ను ఈరోజు తోటి ఉద్యోగికి పంపలేం. కొట్టిన ఆజ్ఞను పంపగలం. అదే రిజిస్టరు కూడా. దీనికన్నా గట్టి అభ్యంతరం ఇంకొకటుంది. లైన్ క్లియర్ పద్ధతిలో అవతలినుంచి జవాబు రాకపోతే బండి కదలదు, యూనిక్స్‌లో తెర మాట్లాడకపోతే పని అయినట్టు. ఇక్కడ పోలిక సగం తెగుతుంది, ఒప్పుకోవాలి. సగమే ఎందుకంటే, పైకి మౌనంగా ఉన్నా ఆ ప్రోగ్రాం లోపల ఒక అంకె తిప్పి పంపుతుంది. సున్నా అయితే సవ్యం, మరేదైనా అయితే పొరపాటు. సరిగ్గా రాసిన డిప్లాయ్‌మెంట్ స్క్రిప్టు ఆ అంకె చూడకుండా తర్వాతి మెట్టెక్కదు. పాత వెర్షన్‌కి వెనక్కి పోవచ్చు కదా, రైలు ప్రమాదంలా ప్రాణాలు పోవు కదా అనీ అంటారు. సర్వర్‌ని వెనక్కి తిప్పవచ్చు గానీ, తప్పు ఖాతాకు చేరిన డబ్బు దానంతటది తిరిగి రాదు.

గిద్దలూరు దారి 1990ల్లో బ్రాడ్‌గేజి అయింది. 2013 జూలైలో దేశమంతటా తంతి సేవ ఆగిపోయింది. తీగ పేరు మాత్రం కంప్యూటర్‌లో చెక్కుచెదరలేదు. ఏదైనా లినక్స్ యంత్రంలో టీటీవై అని మూడక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కి చూడండి. మీరు కూర్చున్న టెర్మినల్ ఏదో చెబుతుంది. ఆ మూడక్షరాలు టెలిటైప్‌కి పొట్టి పేరు.