దురదకి మార్కులెన్ని?

హైదరాబాద్‌లో ఓ సర్కారు దవాఖాన, ఫిజియోథెరపీ గది. మీరు గోడవారగా నిలబడ్డారు. బల్ల మీద ఏడేళ్ల పాప. మరిగే సాంబారు మీద పడి పది నెలలైంది. కుడిచేతికి బిగుతైన ప్రెషర్ తొడుగు. రోజుకి 23 గంటలు ఉంచుకోవాలి. తల్లి దాన్ని మెల్లగా లాగుతుంటే కింద చర్మం బయటపడుతుంది. ఎర్రగా, తాడు పేనినట్టు ఉబ్బి ఉంది.

థెరపిస్టు గోనియోమీటర్ తీసింది. ఒక చోట బిగించిన రెండు ప్లాస్టిక్ పట్టీలు, మధ్యలో డిగ్రీల గీతలు. మోచేతికి ఆనించి, "చాపు బుజ్జీ, ఇంకా... ఇంకొంచెం" అంటోంది. పాప పళ్లు బిగబట్టింది. మడత దగ్గర మచ్చ సాగి సాగి తెల్లగా పాలిపోయింది. అక్కడితో ఆగింది. పూర్తిగా చాపడానికి ఇంకా పదిహేను డిగ్రీలు తక్కువ.

తర్వాత వాంకూవర్ స్కేలు. మచ్చ రంగు, ఎరుపు, మెత్తదనం, ఎత్తు చూసి మార్కులు వేస్తారు. మామూలు చర్మానికి 0, మరీ మొండి మచ్చకి 13. వేలితో నొక్కి, వదిలి, అంకె రాసేసింది. 1990 నుంచీ వాడుకలో ఉన్న కొలత ఇది. దురదకి మాత్రం ఇందులో గడి లేదు.

"రాత్రి నిద్రపోతుందా అమ్మా?"

"యాడ మేడం! నడిరాత్రి లేచి గోకుతది. కొబ్బరినూనె రాస్తేగానీ పండదు."

ఇలాంటివీ అడిగేలా అమెరికన్ బర్న్ అసోసియేషన్, శ్రైనర్స్ పిల్లల ఆసుపత్రులు కలిసి వేరే ప్రశ్నపత్రం తయారుచేశాయి. 5 నుంచి 18 ఏళ్ల వాళ్ల పత్రంలో నొప్పి, దురద, రూపం, బడికి తిరిగి వెళ్లడం, తల్లిదండ్రుల దిగులు అన్నీ ఉన్నాయి. అక్కడి పిల్లల కోసం రాసింది కాబట్టి, అన్నం కలుపుకోగలుగుతోందా, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటోందా అని మనవాళ్లు విడిగా అడగాల్సిందే.

"బడికి పోతున్నదా?"

"మంచిగనే పోతున్నది మేడం."

పాప తల దించుకునే అంది: "డ్యాన్సుల నన్ను తీసేసిన్రు."

తల్లి ఉలిక్కిపడింది. "ఎప్పుడే?"

గోనియోమీటరుకి దొరకనిది ఇదే. అమ్మకీ దొరకలేదు! ఆ పత్రాన్ని చిన్నపిల్లల తరఫున తల్లిదండ్రులే నింపుతారు. 11 ఏళ్లు నిండాకే పిల్లలు సొంతంగా రాస్తారు. మీ ఇంట్లో కాలిన గాయాల నుంచి కోలుకుంటున్న బిడ్డ ఉంటే, ఈసారి చెకప్‌లో మీరు చెప్పాల్సింది చెప్పి, కాసేపు ఊరుకోండి. బిడ్డని చెప్పనివ్వండి.