కాఫీ మర కథ

మా హోసూరు ఇంటి వంటగదిలో కిటికీ పక్కన ఒక మందపాటి టేకు పలక ఉండేది. దాని అంచుకు స్క్రూతో బిగించిన పోత ఇనుము కాఫీ మర. పైన గింజలు పోసే గిన్నె, పక్కన చెక్క పిడి ఉన్న చేయి, కింద పొడి పడడానికి ఇత్తడి గ్లాసు. తెల్లవారి ఐదింటికి మా అవ్వ దాన్ని తిప్పే చప్పుడుకే ఇల్లంతా లేచేది. మధ్యలో ఆపి, చిటికెడు పొడి వేళ్ల మధ్య నలిపి చూసి, "పలుకు తగలాల, పిండి గాగూడదు" అనుకుంటూ మరను కాస్త బిగించేది, లేదా వదులు చేసేది.

1996లో నాకు బదిలీ అయింది. సామాను సర్దేటప్పుడు, మిక్సీ ఉండగా ఈ బరువు దేనికని ఆ మరను పాత ఇనుము వాడికి వేసేశాను. కామర్సు చదివినవాణ్ణి గదా, తరుగుదల పోను దాని విలువ సున్నా అని తేల్చాను. అవ్వ అప్పటికి లేదు. అమ్మ చూసి ఊరుకుంది. కొద్దికాలం కిందట మా అబ్బాయి ఇంటికి ఎస్ప్రెసో యంత్రం తెచ్చేదాకా ఆ లెక్క తప్పని నాకు తోచలేదు.

కాఫీ తాగడం పదిహేనో శతాబ్దంలో యెమెన్ సూఫీల నడుమ అలవాటైంది. తొలి రోజుల్లో కాఫీకంటూ ప్రత్యేకమైన మర లేదు. వేయించిన గింజలను రోట్లో దంచేవారు, లేదా ధాన్యం, మసాలా దినుసులు నలిపే సాధనాలతోనే నలిపేవారు. తుర్కులు చేతిలో ఇమిడే ఇత్తడి గొట్టపు మరను వాడుకలోకి తెచ్చారు. యూరపులో ఒళ్లో పెట్టుకొని తిప్పే పెట్టె మరలు వచ్చాయి. అమెరికాలో 1798లో థామస్ బ్రఫ్ అనే ఆయన గోడకు బిగించే కాఫీ మరకు పేటెంటు పొందాడు. ఫ్రాన్సులో పెజో సోదరులు 1840లో కాఫీ మరలు చేయసాగారు. ఆ పేరుతో కార్లు రోడ్డెక్కింది దాదాపు అర్ధ శతాబ్దం తరువాతనే.

వీటన్నిటి కడుపులో ఉన్నది మన తిరగలే. ఒక భాగం కదలదు, రెండోది తిరుగుతుంది. నడుమ సందులో గింజ నలిగి అంచుకు జారుతుంది. తిరగలికి కక్కు కొట్టించడం చూసినవారికి కాఫీ మర పళ్లను గురించి వేరే చెప్పనక్కరలేదు. సందు ఎంతో, పొడి అంత.

మన దేశానికి కాఫీని తెచ్చింది బాబా బుడన్ అనీ, పదిహేడో శతాబ్దంలో మక్కా యాత్ర నుంచి వస్తూ ఏడు గింజలు తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటాడనీ ప్రతీతి. పెద్ద తోటలు పంతొమ్మిదో శతాబ్దంలో వచ్చాయి. తోటలున్నంత మాత్రాన ఇళ్లలో కాఫీ లేదు. మద్రాసు రాష్ట్రపు మధ్య తరగతి ఇళ్లలో అది నిలదొక్కుకున్నది ఇరవయ్యో శతాబ్దం మొదటి దశాబ్దాలలోనే. ఫిల్టరూ మరా కలిసి ఎన్నో వంటిళ్లలో స్థిరపడ్డాయి. తరువాత వీధి చివర కరెంటు మరలతో కాఫీ పొడి దుకాణాలు వెలిశాయి. చిక్కరీ కలిపిన పొడి పొట్లంలోనే వచ్చాక ఇంటి మరకు పని తగ్గింది. మరను గెంటేసింది మిక్సీ అని అందరం అనుకుంటాం గాని, నా లెక్కన అసలు గెంటేసింది ఆ పొట్లమే.

ఇక ఎస్ప్రెసో. మన పెళ్లిళ్లలో బుస్సుమని ఆవిరి కక్కుతూ పాలూ, రెడీమేడ్ పొడీ నురగ తేల్చే యంత్రాన్ని ఆ పేరుతోనే పిలిచేవాళ్లం. అది వేరు, ఇది వేరు. 1901లో మిలాన్‌లో లుయిజీ బెజ్జేరా పేటెంటు పొందిన యంత్రం ఆవిరి ఒత్తిడితో నీటిని కాఫీ పొడి గుండా నెట్టింది. ఆ ఒత్తిడి స్వల్పం. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అదే ఊరివాడు అకిల్లె గాజ్జా మీటను లాగితే స్ప్రింగు నీటిని తోసే యంత్రాన్ని బజారులోకి తెచ్చాడు. ఒత్తిడి వాతావరణ పీడనానికి ఎనిమిది తొమ్మిది రెట్లయింది. కప్పు మీద తేనెరంగు నురగ అప్పుడే పుట్టింది. 1961లో ఫాయెమా ఇ61 మీట బదులు మోటారు పంపు పెట్టింది.

కథ మలుపు తిరిగింది ఇక్కడే. మన ఫిల్టరులో నీరు తన బరువుతో తాను దిగుతుంది. పొడి కాస్త ముతకైనా, మెత్తనైనా డికాషన్ దిగడం కొంత ముందో వెనకో అవుతుంది, అంతే. తొమ్మిది రెట్ల ఒత్తిడితో వచ్చే నీటికి అడ్డు నిలిచేది మాత్రం ఆ గుప్పెడు పొడి ఒక్కటే. అది బరకగా ఉంటే నీరు పది సెకండ్లలో దూసుకుపోయి కాఫీ పుల్లగా, పలచగా వస్తుంది. మరీ మెత్తనైతే చుక్క చుక్కగా కారి చేదెక్కుతుంది. సాధారణంగా చెప్పే కొలత ఇది: 18 గ్రాముల పొడి, కప్పులోకి 36 గ్రాముల కాఫీ, 25 నుంచి 30 సెకండ్లు. దీన్ని కుదిర్చేది యంత్రం కాదు, మర.

ఈ సంగతి తెలియక మేము డబ్బంతా యంత్రం మీద పోశాం. దుకాణం పొడి వేస్తే కొళాయి తిప్పినట్టు కారింది. మిక్సీలో ఆడిస్తే ఒకసారి కారింది, మరుసటిసారి పూర్తిగా బిగుసుకుంది. మిక్సీ బ్లేడు గింజను కొడుతుంది, నలపదు. దెబ్బకు ఒక ముక్క దుమ్మవుతుంది, ఇంకొకటి అరగింజగా మిగులుతుంది. ఒకే కప్పులో చేదూ పులుపూ రెండూ.

మర కొనాలని దుకాణానికి వెళ్లి గ్రైండర్ కావాలంటే కోయంబత్తూరు ఇడ్లీ గ్రైండర్ చూపించారు. మా అబ్బాయి నవ్వాడు. నాకు మటుకు ఆ కుర్రవాడి తప్పేమీ కనబడలేదు.

కొనేవారికి నేను నేర్చుకున్నది చెబుతాను. బ్లేడు రకం వద్దు, పళ్ల చక్రాలున్నదే కావాలి. అవి బల్లపరుపుగా ఉన్నా, శంకువు ఆకారంలో ఉన్నా ఇంటికి పెద్ద తేడా లేదు. చూడవలసింది సందును ఎంత సన్నగా మార్చవచ్చో. ఒక గీత తిప్పితే పది సెకండ్లు తేడా వచ్చే మర ఎస్ప్రెసోకు పనికిరాదు. రెండు మూడు సెకండ్లు మారేది కావాలి. డబ్బు సరిపోకపోతే యంత్రంలో తగ్గించండి, మరలో కాదు. ఇరుసును రెండు చోట్ల బేరింగులు పట్టి ఉంచే మంచి చేతి మర ఐతే తక్కువ ధరకే ఈ పని చేస్తుంది, చేతికి కాస్త శ్రమ. మేము చివరకు కొన్నది అదే.

నిజం చెప్పాలి గదా: అవ్వ మర ఇప్పుడున్నా ఎస్ప్రెసోకు పనికివచ్చేది కాదు. దాని ఇరుసు ఊగేది; ఫిల్టరుకు చాలే పొడి మాత్రమే ఇచ్చేది. నేను పారేసింది పనికివచ్చే యంత్రాన్ని కాదని కొంత ఊరట. ఐనా చిటికెడు పొడి నలిపి చూసే ఆ అలవాటు పనికివచ్చింది. అవ్వ పలుకు కంటే సన్నం, పిండి కంటే బరక. పొడి ఉప్పు కన్నా కాస్త మెత్తన. ఆ మెట్టు దగ్గర మొదలుపెట్టి, ఒకసారికి ఒక గీతే మార్చాలి. మార్చిన తరువాత వచ్చే మొదటి రెండు గ్రాములు పాత పొడే, వాటిని తీసేయాలి. గింజ ఎంత నల్లగా వేగితే అంత పెళుసు, దానికి సందు కాస్త పెంచాలి. వానాకాలంలో నిన్నటి గీత ఇవాళ కుదరదు. పొడి మర అంచులకు అంటుకొని చిమ్ముతుంటే, ఆడించే ముందు గింజల మీద ఒక చుక్క నీరు చిలకరించి కలపాలి. ఆ చుక్క స్థిర విద్యుత్తును ఎలా తగ్గిస్తుందో 2023లో అమెరికాలోని ఆరెగన్ విశ్వవిద్యాలయం వారు ప్రయోగపూర్వకంగా చూపించారు. మరను నీళ్లతో కడగకూడదు, కుంచెతో తుడవాలి.

గింజల విషయంలో మనకు కొరత లేదు. మన కాఫీని ఎక్కువగా కొనే దేశం ఇటలీయే. మన రోబస్టా వారి ఎస్ప్రెసో మిశ్రమాలలో చేరి నురగనిస్తుంది. చిక్కమగళూరు, కొడగు, అరకు అరబికాలకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కోరాపుట్ గింజలు కూడా ఇప్పుడు బెంగళూరులో దొరుకుతున్నాయి.

బ్యాంకు బుద్ధి పోనిచ్చుకోక మర పక్కన ఒక నోటుపుస్తకం పెట్టాను. తేదీ, గింజ పేరు, గీత సంఖ్య, సెకండ్లు. చివరి గడిలో మా అబ్బాయి "బరక", "పలుకు" అని రాస్తాడు, ఇంగ్లీషు లిపిలో. పొద్దున పూట అదే మరను బాగా వదులు చేసి అమ్మకు ఫిల్టరు కాఫీ కలుపుతాను. మొదటి రోజు గ్లాసు చేతికిస్తే ఒక గుక్క తాగి, "చిక్కరీ వేయలేదేమిరా?" అంది. చిక్కరీని మరలో వేస్తే పళ్లకు పట్టేస్తుందని చెప్పాను. విడిగా పొడి కొని తెచ్చి కలుపుతున్నాను.