పదేళ్ళ నీలాపనింద



శమంతకమణి కథ మనందరికీ తెలిసిందే. వినాయక చవితినాడు అక్షింతలు చేతబట్టుకుని ఏటా వింటూనే ఉంటాం. చేయని దొంగతనం కృష్ణుడి నెత్తిన పడింది. అలాంటి నీలాపనిందే మన ఒంట్లోని ఒక ప్రొటీనుకీ వచ్చింది. దాని పేరు పి-53. దాన్ని కేన్సరు తెచ్చే దొంగ అని శాస్త్రజ్ఞులు పదేళ్ళపాటు అనుకున్నారు. తీరా చూస్తే అది కాపలాదారు!

సంగతి 1979లో మొదలైంది. ఎస్.వి.-40 అనే కోతుల వైరసు మంచి కణాలను కేన్సరు కణాలుగా ఎలా మారుస్తుందో లండనులో డేవిడ్ లేన్, లయొనెల్ క్రాఫర్డ్, అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో ఆర్నాల్డ్ లెవీన్ విడివిడిగా పరిశీలిస్తున్నారు. వైరసు ప్రొటీనును బయటకు లాగితే, దాన్ని అంటిపెట్టుకుని కణంలోని మరో ప్రొటీనూ వచ్చింది. తూకం 53 వేల డాల్టన్లన్నట్టు కనబడింది గనుక ఆ అంకె దాని పేరులో చేరింది. కేన్సరు కణాల్లో అది కుప్పలుగా దొరికేది. పైగా దాని జన్యువును రాస్ అనే మరో జన్యువుతో కలిపి మామూలు కణాల్లో పెడితే అవీ కేన్సరు దారి పట్టాయి. ఇంకేముంది, దొంగ దొరికాడన్నారు.

1989లో కథ అడ్డం తిరిగింది. బాల్టిమోరులోని జాన్స్ హాప్కిన్స్‌లో బెర్ట్ వోగెల్‌స్టీన్ దగ్గర పరిశోధన చేస్తున్న విద్యార్థిని సుజాన్ బేకర్, ఆమె సహచరులు పెద్దపేగు కణితులను పరీక్షించారు. ఈ జన్యువు మనకు తల్లినుంచి ఒకటి, తండ్రినుంచి ఒకటి వస్తుంది. ఆ కణితుల్లో ఒకటి పూర్తిగా పోయింది, మిగిలినదానిలో తప్పుంది. దొంగే అయితే, వాడు లేని ఇల్లు దోపిడీ కావడమేమిటి? అదే ఏడు లెవీన్ ప్రయోగశాలలో క్యాథీ ఫిన్లే తదితరులు చెడిపోని పి-53ను పెట్టి చూశారు. కణాలు కేన్సరుగా మారకుండా అది అడ్డుకుంది. అంతకుముందు వాడినవి చెడిపోయిన జన్యువులు! మత్తుమందు తిన్న కాపలావాణ్ణి చూసి దొంగ అనుకున్నారన్నమాట.

మరి ఈ కాపలా ఎలాంటిది? చీర చిరిగితే ముందేం చేస్తాం? కట్టడం ఆపి రఫ్ఫు చేయిస్తాం. ఇక బాగుపడదంటే స్టీలు సామాన్లవాడికి వేసేస్తాం. పి-53 చేసేదీ అదే. మామూలు రోజుల్లో ఎం.డి.ఎం.-2 అనే ప్రొటీను దాన్ని ఎక్కువ కానివ్వదు. ఎండవల్లనో, ఎక్స్-కిరణాలవల్లనో కణంలోని డి.ఎన్.ఏ. దెబ్బ తింటే కబురు అందుతుంది, పగ్గం వదులవుతుంది. పి-53 పేరుకుని పి-21 అనే జన్యువును మేల్కొలుపుతుంది. కణం రెండుగా చీలడం ఆగి, మరమ్మతుకు వ్యవధి చిక్కుతుంది. మరమ్మతు కుదరకపోతే బ్యాక్స్, ప్యూమా వంటి జన్యువులను మేల్కొలిపి ఆ కణాన్ని చచ్చిపొమ్మంటుంది. వాపూ చీమూ లేకుండా కణం ముక్కలవుతుంది. చుట్టుపక్కల కణాలు ఆ ముక్కల్ని మింగి శుభ్రం చేస్తాయి. ఈ చావుకు 1972లో కెర్, వైలీ, కరీ అనే ముగ్గురు ఎపోప్టోసిస్ అని పేరు పెట్టారు. చెట్టునుంచి ఆకు రాలడమనే అర్థం వచ్చే గ్రీకు మాట అది. 1991లో ఇజ్రాయెల్‌లో మోషే ఓరెన్ బృందం, మంచి పి-53ను అందిస్తే రక్తకేన్సరు కణాలు ఇలాగే రాలిపోతాయని చూపింది.

మనుషుల కేన్సర్లలో దాదాపు సగంలో ఈ జన్యువు చెడి ఉంటుంది. కొద్ది కుటుంబాల్లో ఆ లోపం పుట్టుకతోనే వస్తుంది. ఎక్కువమందికి మాత్రం బతుకు మధ్యలో, ఎక్కడో ఒక్క కణంలో మొదలవుతుంది. పొగాకు పొగలోని ఒక రసాయనం సరిగ్గా ఊపిరితిత్తుల కేన్సర్లలో చెడే చోట్లనే ఈ జన్యువును దెబ్బ కొడుతుందని 1996లో తేలింది. మీ వారు సిగరెట్టు వెలిగించినప్పుడు ఈ మాట చెవిన వేయండి.

ఇదంతా మనకెందుకంటారా? ఆడదానికి రొమ్ములో గడ్డ వస్తే ఏ జన్మలో ఏ పాపం చేసిందో అనేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఆ మాటకు జడిసి నెలల తరబడి దాచుకునే వాళ్ళూ ఉన్నారు. ఆలోచించండి, అది పాపమూ కాదు, శాపమూ కాదు. ఒక కణంలో కాపలా తప్పింది, అంతే. పి-53 మీది నింద పోవడానికి పదేళ్ళు పట్టింది. గడ్డ కనబడ్డ మనిషికి అంత వ్యవధి ఉండదు. నిందకు భయపడి దాచుకోకండి, ఈ వారమే డాక్టరుకు చూపించుకోండి.