డెరింజర్ గారి పిస్తోలు

నది దాటి డియర్‌బోర్న్ వెళ్ళి హెన్రీ ఫోర్డ్ మ్యూజియం చూసిన మన విండ్సర్ వారికి లింకన్ కూర్చున్న ఎర్ర కుర్చీ గుర్తుండే ఉంటుంది. తల ఆనేచోట ఉన్న మరక నెత్తురు కాదు, తలనూనె జిడ్డు! 1865 ఏప్రిల్ 14 రాత్రి ఆయన మీద పేలిన పిస్తోలు వాషింగ్టన్‌లో ఫోర్డ్స్ థియేటర్ మ్యూజియంలో ఉంది. అరచేతిలో ఇమిడేటంత వస్తువు.

అది చెకుముకి రాయితో పేలేది కాదు. మెర్క్యురీ ఫల్మినేట్ పెట్టిన చిన్న రాగి టోపీ మీద సుత్తి పడగానే నిప్పు పుట్టి మందుకు అంటుకుంటుంది. ఈ పద్ధతికి ఆద్యుడు స్కాట్లండు పాదిరీ ఫోర్సైత్. 1807లో పేటెంటు పొందాడు. గుండు ఒక్కటే. తప్పిందంటే మళ్ళీ గొట్టం మూతినుంచి కూరుకోవలసిందే.

చేసినవాడు హెన్రీ డెరింజర్. తండ్రి జర్మనీనుంచి పెన్సిల్వేనియాకు వలస వచ్చిన తుపాకుల పనివాడు. కొడుకు అదే వృత్తి పట్టి 1806లో ఫిలడెల్ఫియాలో స్థిరపడ్డాడు. సైన్యానికి తుపాకులు చేసి ఇచ్చినా, పేరు తెచ్చింది ఈ జేబు పిస్తోలే.

ఆ పేరే దొంగల పాలయింది. ఆయన దగ్గర పనిచేసి వెళ్ళినవాళ్ళే నకిలీలు చేశారు. ఒక వ్యాపారి అయితే డెరింజర్ అనే ఇంటిపేరున్న దర్జీని వెతికి పట్టుకుని, ఆ పేరు పిస్తోళ్ళ మీద కొట్టించాడు! ముసలాయన కాలిఫోర్నియా కోర్టులదాకా పోరాడి 1868లో కన్నుమూశాడు.

పత్రికలవాళ్ళు ఇంకో 'ఆర్' తగిలించి రాసిన పేరే నిఘంటువుల కెక్కింది. ఇక్కడి గుమాస్తాల చేతిలో మన ఇంటిపేర్ల గతి తెలిసినవారికి ఇది వింత కాదు. ఆయన సొంత పిస్తోళ్ళ మీద మాత్రం ఒక్క 'ఆరే' ఉంటుంది.