ఒకే పోలిక, దూరపు చుట్టరికం

తమిళనాడులోని తిరుచ్చులిలో ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. తిరుమేనినాథర్ గుడి దగ్గర చెట్టు నీడలో నిలబడండి. బెరడు పట్టుకుని తలకిందులుగా ఓ ఉడుత మీకేసే చూస్తూ కిచకిచలాడుతోంది. వీపున మూడు చారలు. తూచితే ఓ వంద గ్రాములు. 1879లో ఈ ఊళ్లోనే పుట్టిన రమణ మహర్షి అరుణాచలంలో ఉడుతలకు తన చేత్తో తిండి పెట్టేవారు.

అరుప్పుకోట్టై మీదుగా పడమటికి సాగితే నల్లరేగడి చేలు వెనకబడి కనుమలు దగ్గరౌతాయి. శ్రీవిల్లిపుత్తూరు దాటి శెంబగత్తోప్పు. 1988లో ఉడుత కోసమే అభయారణ్యమైన అడవి ఇది. 2021 నుంచి పులుల అభయారణ్యంలో భాగం. చెట్ల కింద మెడ నొప్పెట్టేదాకా పైకి చూడాలి. ముందు ఆకులూ పుల్లలూ కూర్చిన గూడు కనిపిస్తుంది. తర్వాత కొమ్మ మీంచి వేలాడే పొడుగాటి తోక. అది కదిలితే గాని జంతువని తెలీదు. బూడిదరంగు మలై అణిల్, అంటే కొండ ఉడుత! వెనక కాళ్లతో కొమ్మను బిగించి, ముందు పాదాల మధ్య కాయ తిప్పుతూ ఒలుచుకుంటోంది. బరువు కిలో పైమాటే.

పొద్దున చూసిన ఉడుతే పదింతలై కూర్చుందనిపిస్తుంది. కానీ కాదు. అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు జాన్ మెర్సర్, లూయీజ్ రోత్ ఉడుతల జన్యువులను పోల్చి 2003లో వంశవృక్షం గీశారు. మూడు కోట్ల ఏళ్లకు పూర్వమే, ఉడుతల వంశం మొదట్లోనే, ఈ పెద్ద ఉడుతల శాఖ వేరుపడింది. గుడి దగ్గరి చారల ఉడుతకు దీనికన్నా హిమాలయాల్లో బొరియలు తవ్వుకుని నేలమీద బతికే మార్మట్ దగ్గరి చుట్టం! కొరికే పళ్లలాగా పాత పూర్వీకుడి నుంచి అందరికీ అందిన లక్షణాలు ఎవరు ఎవరికి దగ్గరో చెప్పలేవు. తర్వాత వచ్చిన కొత్త మార్పులను ఎవరెవరు పంచుకున్నారన్నదే అసలు ఆధారం. చూపుకి ఆనని ఆ మార్పులు జన్యువుల్లో దొరుకుతాయి.

ఈ పాత శాఖకు ప్రపంచం మొత్తమ్మీద మిగిలినవి నాలుగు జాతులే. వాటిలో మూడు మన దేశంలో ఉన్నాయి. బూడిద ఉడుత దక్షిణాది కొండల్లోనూ శ్రీలంకలోనూ తప్ప ఇంకెక్కడా లేదు. నేలమీదికి దిగడం చాలా అరుదు. కొమ్మా కొమ్మా కలిసినంత మేరే దాని దారి. నడుమ రెండు పెద్ద చెట్లు కొట్టేస్తే ఆ దారి తెగుతుంది. అందుకే అడవి సరిహద్దు బయటి మామిడి తోటల్నీ దాని ఇంట్లో భాగంగానే చూడాలంటాను.