పని పోయినవాడికి ఎన్ని పరీక్షలో!

1912 జులైలో బ్రిటన్‌లో షిప్‌యార్డుల్లో, ఫౌండ్రీల్లో, ఇళ్ల నిర్మాణంలో పనిచేసేవాళ్ల పేరిట ఒక్కొక్క పుస్తకం తెరిచారు. వారం వారం యజమాని అందులో స్టాంపు అంటించాలి. కార్మికుడి కూలిలోంచి రెండున్నర పెన్నీలు, యజమాని మరో రెండున్నర, ఆ మొత్తంలో మూడోవంతు సర్కారు వాటా. ఏడు పరిశ్రమల్లోని 22 లక్షల మందికి పైగా కార్మికులకు ఇది వర్తించింది. పని పోయినవాళ్ల కోసం ఒక దేశం తప్పనిసరి బీమా పెట్టడం ప్రపంచంలో అదే మొదటిసారి.

అర్జీ పద్ధతి సులువుగానే ఉండేది. పని పోయిన రోజున యజమాని పుస్తకం తిరిగి ఇచ్చేస్తాడు. దాన్ని లేబర్ ఎక్స్ఛేంజీలో, అంటే పని చూసిపెట్టే సర్కారు కార్యాలయంలో అప్పగించాలి. ఈ ఎక్స్ఛేంజీలు 1910 ఫిబ్రవరి 1న మొదలయ్యాయి. పుస్తకం అప్పగించినప్పటి నుంచి పనివేళల్లోనే వెళ్లి రిజిస్టర్‌లో సంతకం చేస్తూ ఉండాలి. వేరే చోట పనిచేసుకుంటూ భృతి తీసుకోకుండా ఆ నిబంధన. మొదటి వారం ఏమీ రాదు. ఆ తర్వాత వారానికి 7 షిల్లింగులు, ఏడాదిలో 15 వారాలకు మించకుండా.

తాగుబోతుకూ ఇవ్వాలా?

ఈ బీమా చట్టం తయారవుతున్నప్పుడే ఈ పేచీ వచ్చింది. అప్పటి వాణిజ్య మంత్రి విన్‌స్టన్ చర్చిల్ వాదన ముక్కుసూటిగా ఉంది: తాగి పని పోగొట్టుకున్నా సరే, చందా కట్టినవాడికి డబ్బు ఇవ్వాల్సిందే, లెక్కల్లోకి నీతిని లాగకూడదు. ఆ మాట పూర్తిగా నెగ్గలేదు. దుష్ప్రవర్తన వల్ల పని పోయినా, సరైన కారణం లేకుండా మానేసినా ఆరు వారాలు భృతి ఆపాలని 1911 చట్టంలో రాశారు. నీతి అలా సందు చూసుకుని లోపలికి వచ్చింది.

1920లో బీమాను కోటి మందికి పైగా కార్మికులకు విస్తరించారు. వ్యవసాయ కూలీలను, ఇళ్లలో పనివాళ్లను మాత్రం పక్కన పెట్టారు. నెలలు తిరక్కుండానే మాంద్యం ముంచుకొచ్చింది. నిధి ఖాళీ అవుతున్నకొద్దీ కౌంటర్ దగ్గర ప్రశ్నలు పెరిగాయి. నిజంగా పని వెతుకుతున్నట్టు అర్జీదారే రుజువు చేసుకోవాలని 1921లో నిబంధన పెట్టారు. ఊళ్లో ఖాళీలు లేవని తెలిసినా గేటు గేటుకూ తిరగాలి, ఎక్కడెక్కడ అడిగిందీ అధికారికి అప్పజెప్పాలి. ఈ తంతు 1930 దాకా సాగింది.

పియానో అమ్ముకోండి!

అసలు కష్టం 1931లో మొదలైంది. ఖర్చు తగ్గించాలని సర్కారు భృతిలో పదోవంతు కోసింది. మగ కార్మికుడికి వచ్చే 17 షిల్లింగులు 15 షిల్లింగుల 3 పెన్నీలయ్యాయి. భృతి తీసుకోవడం 26 వారాలు దాటినవాళ్లకు ‘మీన్స్ టెస్ట్’ పెట్టారు. అంటే ఇంటిల్లిపాది ఆదాయం, ఆస్తి విచారించి భృతి తేల్చడం. విచారణ మనిషి నేరుగా ఇంట్లోకే వచ్చేవాడు. కుర్చీలెన్ని, బీరువా ఎందుకు, పియానో అమ్ముకోవచ్చుగా అని ఆరాలు తీసేవాడు. ఇరుగుపొరుగు రాసే ఆకాశరామన్న ఉత్తరాలు సరేసరి. కొడుక్కి పని దొరికితే ఆ కూలి లెక్కగట్టి తండ్రి భృతి తగ్గించేవారు. అందుకని కొడుకులు ఇల్లు విడిచి వేరే చోట అద్దెకు ఉండటం మామూలైపోయింది. చందా కట్టి సంపాదించుకున్న హక్కు కాస్తా దానధర్మం కిందికి దిగిపోయింది.

1936 అక్టోబరులో జారో పట్టణం నుంచి సుమారు 200 మంది నిరుద్యోగులు పని ఇప్పించమని లండన్‌కు నడిచి వెళ్లారు. ఊరికి ఆధారమైన షిప్‌యార్డు మూతపడింది. ఎంపీ ఎలెన్ విల్కిన్‌సన్ వాళ్ల వెంట నిలిచారు. ప్రధాని బాల్డ్విన్ కలవనన్నారు. ఇంటికి తిరిగొచ్చేసరికి భృతి కోత సిద్ధంగా ఉంది: నడకలో ఉన్న రోజుల్లో పని వచ్చినా చేయడానికి మీరు ఊళ్లో లేరు కదా అన్నారు!

ఇంటిల్లిపాది ఆదాయం లెక్కగట్టే పద్ధతిని 1941లో రద్దు చేశారు. సామాజిక బీమాపై 1942లో వచ్చిన బెవరిడ్జ్ నివేదిక చందా కట్టినవాడి హక్కును మళ్లీ ముందుకు తెచ్చింది.

మన ఈఎస్ఐ సంగతి

మన దేశంలో కార్మికుల బీమా కోసం ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) చట్టం 1948లో వచ్చింది. జబ్బు, ప్రసవం, ప్రమాదం మూడింటికీ అందులో చోటు దొరికింది, పని పోవడానికి దొరకలేదు. ఈఎస్ఐ కింద నిరుద్యోగ భృతి 2005లో రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజనతో మొదలైంది. 2018 జులైలో అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన వచ్చింది. సగటు వేతనంలో 25 శాతం, గరిష్ఠంగా 90 రోజులు. అది కూడా పని పోయిన మూడు నెలలకు. పైగా దరఖాస్తు పాత యజమాని ద్వారానే రావాలి. పనిలోంచి తీసేసినవాడి దగ్గరికే సంతకం కోసం వెళ్లాలన్నమాట!

2020లో కరోనా లాక్‌డౌన్ లక్షల మందిని వీధిన పడేశాక భృతిని 50 శాతం చేశారు, 90 రోజుల నిరీక్షణను 30కి తగ్గించారు. నేరుగా ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసులోనే దరఖాస్తు ఇచ్చుకోవచ్చన్నారు. చందాదారుడి మాటను యజమాని పూచీ లేకుండా నమ్మడానికి ఒక మహమ్మారి రావాల్సి వచ్చింది.