విప్పేసిన గాలిగొట్టం

చిక్కడపల్లి గ్రంథాలయంలో కూర్చుని చదువుకుని, కాలిఫోర్నియా వెళ్ళి ఉద్యోగంలో చేరిన మా పెద్దమ్మగారబ్బాయి 2006లో ఒక పాత అమెరికన్ కారు కొన్నాడు. 1985 నాటిది. చక్కగా నడిచేదట. అయినా అక్కడి పొగ పరీక్షలో తప్పింది. పరీక్షించేవాడు బానెట్ ఎత్తి చూస్తే గాలిపంపుకు బెల్టు లేదు, గొట్టం చివర బిరడా! పాత యజమానులలో ఎవరిదో ఆ నిర్వాకం.

ఆ పంపు చరిత్ర కొంత చెప్పాలి. లాస్ ఏంజిలిస్‌ను కమ్మే పొగమంచుకు మూలం కార్ల పొగమీద పడే ఎండేనని హాగెన్-స్మిట్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు 1950ల తొలినాళ్ళలో తేల్చాడు. 1966 మోడళ్ళనుంచి కాలిఫోర్నియా, 1968నుంచి అమెరికా అంతా పొగకు హద్దులు పెట్టాయి. అప్పుడు కొన్ని కంపెనీలు పన్నిన ఉపాయమే ఈ పంపు. బెల్టుతో తిరుగుతూ, ఇంజన్‌లోంచి పొగ బయటపడే చోటికి తాజాగాలిని తోస్తుంది. కాలకుండా మిగిలిన పెట్రోలు ఆవిరి, కార్బన్ మోనాక్సైడ్ ఆ వేడికి, ఆ గాలితో అక్కడే కాలిపోతాయి. చిక్కల్లా ఏమిటంటే, దానివల్ల బండి నడకకు పిసరంత లాభం లేదు. ఊడదీస్తే నడిపేవాడికి నష్టమూ తెలియదు. నష్టమంతా వెనక వచ్చేవాడి ఊపిరితిత్తులది. అందుకే 1984లో మొదలైన అక్కడి తనిఖీలో, కొలవడంతోపాటు కంటితో చూడడమూ చేర్చారు.

ఫోనులో ఇది విని నవ్వుకున్నాను. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

నా మోటారుసైకిలుకు పంపు లేదు కాని, ఆ జాతిదే ఒక వాల్వు ఉంది. పొగ విడతలు విడతలుగా పోతున్నప్పుడు ఏర్పడే పీల్పుతోనే గాలిని లోపలికి లాగుతుంది. వేగం తగ్గించినప్పుడల్లా సైలెన్సర్ పటపటమంటోందని అశోక్‌నగర్‌లో ఒక మెకానిక్‌కు చూపిస్తే, ఆయన దాని గొట్టం పీకి బోల్టు దూర్చాడు. శబ్దం పోయింది. మెచ్చుకుని మరీ డబ్బులిచ్చాను!

ఆ తర్వాత నారాయణగూడ చౌరస్తా దగ్గర వ్యానులో పొల్యూషన్ సర్టిఫికెట్టూ వచ్చింది. 2000 మార్చి తర్వాత తయారైన నాలాంటి వారి బండ్లకు 2004 అక్టోబరునుంచి పెట్టిన హద్దు, కార్బన్ మోనాక్సైడ్ 3.5 శాతం. బండి నిలబెట్టి, ఐడిల్‌లోనే కొలిచేవారు. నా బండి దగ్గర వంగి గొట్టం ఉందా అని చూసినవాడు లేడు. హైదరాబాదులో కొత్త కార్లకు 2003లో భారత్ స్టేజ్-2, 2005లో స్టేజ్-3 వచ్చాయి. ఫ్యాక్టరీ గేటు దగ్గర అంత పట్టుదల. గేటు దాటాక ఒక్క బోల్టు చాలు.

మళ్ళీ వెళ్ళి గొట్టం తగిలించమన్నాను. "పటపట మళ్ళీ వస్తది సార్, తర్వాత నన్ననొద్దు" అన్నాడు. వచ్చింది కూడా. ఈసారి ఇద్దరం కూర్చుని వెదికాం. సైలెన్సర్ ఇంజన్‌ను కలిసేచోట గాస్కెట్ కాలిపోయి ఉంది. అక్కడినుంచి దొంగగాలి దూరుతోంది. పాతిక రూపాయల గాస్కెట్ మారిస్తే శబ్దం ఆగింది. పీకిన ఆ బోల్టు చాలాకాలం నా బల్ల సొరుగులోనే ఉండేది.